ఇటలీ ‘జాల్లో’ సినిమాలను ఎలా చూడాలి

1960, 70 దశకాలలో ఇటలీలో తయారైన ఒక తరహా హత్యా రహస్య చిత్రాలను ‘జాల్లో’ అని పిలుస్తారు. వీటిని మొదటిసారి చూసినవారిలో చాలామంది ఒకే రకమైన ఫిర్యాదు చేస్తారు: కథకు పొంతన లేదు, మాటలు పెదవులతో కలవడం లేదు, హంతకుడు ఎవరో తెలిసిన తరువాత కూడా ఎందుకు చంపాడో నమ్మబుద్ధి కావడం లేదు. మొదట్లో నేనూ ఇదే మాట అన్నాను. ఆ ఫిర్యాదులలో అబద్ధమేమీ లేదు. అయితే ఈ చిత్రాలలో మంచివాటికి కథ ఒక సాకు మాత్రమే, వాటి అసలు పట్టింపు చూపు మీద. ఒక మనిషి ఒక ఘోరాన్ని కళ్ళారా చూస్తాడు, చూసినదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటాడు, తక్కిన సినిమా అంతా ఆ పొరపాటును వెతుక్కుంటూ సాగుతుంది. అతడితో పాటు అదే దృశ్యాన్ని చూసిన మనం కూడా అదే పొరపాటు చేసి ఉంటాం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చూడటం మొదలుపెడితే, తలాతోకా లేనట్టు కనిపించిన చిత్రాలే ఎంతో శ్రద్ధగా కట్టిన నిర్మాణాలుగా కనిపిస్తాయి. అలా చూడటానికి ఏమేమి చేయాలో, ఏ క్రమంలో చేయాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తాను.

ముందుగా పేరు సంగతి

ఇటాలియన్ భాషలో జాల్లో అంటే పసుపు రంగు. మిలాన్ నగరంలోని మొందదోరి ప్రచురణ సంస్థ 1929లో పసుపు అట్టలతో అపరాధ పరిశోధక నవలలను వరుసగా ప్రచురించడం ప్రారంభించింది. ఎడ్గార్ వాలెస్, అగాథా క్రిస్టీ వంటివారి నవలలు ఇటలీ పాఠకులకు ఈ అట్టల మధ్యనే చేరువయ్యాయి. ఫాసిస్టు ప్రభుత్వ కాలంలో 1941లో ఆగిపోయిన ఆ వరుస యుద్ధం ముగిశాక 1946లో మళ్ళీ మొదలైంది. ఈ పుస్తకాలు ఎంతగా జనంలోకి వెళ్ళాయంటే, అట్ట రంగే ఆ సాహిత్యానికి పేరుగా స్థిరపడింది. ఇటలీ ప్రజలు ఇప్పటికీ ఏ డిటెక్టివ్ కథనైనా, పత్రికలలో వచ్చే అంతుచిక్కని హత్య కేసునైనా జాల్లో అనే అంటారు. బయటి దేశాల ప్రేక్షకులు మాత్రం ఈ మాటను సుమారు 1963 నుంచి 1980ల వరకు వచ్చిన ఒక ప్రత్యేక తరహా ఇటలీ చిత్రాలకే వాడుతున్నారు.

ఆ తరహా లక్షణాలను గుర్తుపట్టడం కష్టం కాదు. హంతకుడి ముఖం కనిపించదు. నల్లని తోలు చేతి తొడుగులు, పొడవాటి కోటు, మెరిసే కత్తి మాత్రమే కనిపిస్తాయి. పోలీసులు ఉంటారు కాని వారి వల్ల పని జరగదు. రచయితో, సంగీత విద్వాంసుడో, విహారయాత్రకు వచ్చిన విదేశీయురాలో అనుకోకుండా హత్యను చూసి పరిశోధనకు దిగుతారు. కథ ఆధునిక నగరంలో, అపార్టుమెంట్లలో, విమానాశ్రయాలలో, ఫ్యాషన్ దుకాణాలలో నడుస్తుంది. ఇటలీలో అంతకుముందు నుంచీ ఉన్న పాడుబడిన కోటల దెయ్యం సినిమాకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. అక్కడ చచ్చినవారు లేచి వస్తారు, ఇక్కడ బతికి ఉన్నవారి మనసులో పూడ్చిపెట్టిన పాత గాయం లేచి వస్తుంది.

మొదటి సినిమాను జాగ్రత్తగా ఎంచుకోండి

కాలక్రమంలో చూడాలనుకునేవారు మారియో బావా 1963లో తీసిన ‘ద గర్ల్ హూ న్యూ టూ మచ్’తో మొదలుపెడతారు. తొలి జాల్లో చిత్రంగా పేరు పొందినది అదే. విమానంలో హత్యల నవల చదువుకుంటూ రోమ్‌కు వచ్చిన ఒక అమెరికన్ యువతి, స్పానిష్ స్టెప్స్ అనే ప్రసిద్ధమైన మెట్ల దగ్గర అర్ధరాత్రి ఒక హత్యను చూస్తుంది. ఆమె నిజంగా చూసిందా, చదివిన నవలలు ఆమె చేత చూపించాయా అన్న సందేహం మీద సినిమా నిలుస్తుంది. నలుపు తెలుపులో తీసిన ఈ చిత్రంలో నెత్తురు తక్కువ, హాస్యం కొంత ఎక్కువ. రక్తపాతం అసలు చూడలేనివారు దీనితో మొదలుపెట్టడం మంచిది.

తక్కినవారికి మాత్రం నా సలహా వేరు. దారియో అర్జెంతో 1970లో తీసిన మొదటి చిత్రం ‘ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్’తో ప్రారంభించండి. ఈ తరహా ఏం చేయదలచుకుందో అంత తేటగా చెప్పే చిత్రం మరొకటి లేదు. రోమ్‌లో ‘పయేజే సెరా’ అనే పత్రికకు సినిమా సమీక్షలు రాసిన అర్జెంతో, సెర్జో లియోనె తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ కథా రచనలో బెర్నార్దో బెర్తొలూచితో కలిసి పాలుపంచుకుని, ఆ తరువాత దర్శకుడయ్యాడు. ఆ మొదటి చిత్రానికి ఛాయాగ్రాహకుడు విత్తోరియో స్తోరారో, సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనె. అది విజయవంతం కావడంతో ఇటలీ నిర్మాతలు పేరులో ఒక జంతువో ఒక సంఖ్యో ఉండే చిత్రాలను వరుసగా తీశారు. 1971, 72 సంవత్సరాలలో ఈ ప్రవాహం ఉధృతంగా సాగింది.

దాని తరువాత బావా 1964లో తీసిన ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’, ఆపైన అర్జెంతో 1975లో తీసిన ‘డీప్ రెడ్’ చూడండి. ఈ మూడూ చూసే వరకు నాలుగో సినిమా జోలికి వెళ్ళకండి. డజన్ల కొద్దీ సినిమాలు ఒకేసారి చూసినవారికి అన్నీ కలగాపులగమైపోయి, ఏ హత్య ఏ చిత్రంలోదో కూడా గుర్తుండదు.

ఏ ప్రింటు, ఏ భాష

ఈ విషయంలో నిర్లక్ష్యం చేస్తే తక్కిన శ్రమ అంతా వృథా అవుతుంది. నేను మొదట చూసిన కాపీలో రంగులు వెలిసిపోయి, చిత్రానికి రెండు పక్కలా కొంత భాగం కోసుకుపోయి ఉంది. వెడల్పు తెర కోసం కూర్చిన దృశ్యాన్ని పాత టీవీ కొలతకు కుదించడం వల్ల, ఒక మూలన నిలబడిన మనిషి అసలు లేకుండానే పోయాడు. చూపు మీద ఆధారపడిన సినిమాలో మూలన ఉన్న మనిషి పోతే ఇంకేం మిగులుతుంది?

కాబట్టి అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించిన ప్రింటునే, పూర్తి వెడల్పుతో ఉన్నదానినే వెతకండి. వీటిలో చాలా చిత్రాలను టెక్నిస్కోప్ అనే పద్ధతిలో తీశారు. మామూలుగా ఒక్కొక్క ఫ్రేముకు ఫిల్ము అంచున నాలుగు రంధ్రాల మేర పొడవు పడుతుంది. 1960లో ఇటలీలోని టెక్నికలర్ శాఖ రూపొందించిన ఈ పద్ధతిలో రెండే రంధ్రాల పొడవు చాలు, అంటే సగం నెగెటివ్‌తో వెడల్పు తెర సినిమా పూర్తవుతుంది. డబ్బు ఆదా చేయడానికి వచ్చిన ఈ పద్ధతి వల్ల మరొక మేలు కూడా జరిగింది. దీనికి మామూలు కటకాలే సరిపోతాయి కనుక, ముందున్న వస్తువూ వెనుకనున్న వస్తువూ రెండూ స్పష్టంగా కనిపించేలా తీయడం సులువైంది. ‘డీప్ రెడ్’లో విశాలమైన ఖాళీ కూడలిలో ఇద్దరు మనుషులు చిన్న బొమ్మల్లా నిలబడి మాట్లాడుకునే దృశ్యాన్ని సరైన ప్రింటులో చూసినప్పుడు ఈ సంగతి మీకే తెలుస్తుంది.

నిడివి కూడా సరిచూసుకోండి. ‘డీప్ రెడ్’ ఇటలీలో సుమారు 127 నిమిషాల చిత్రంగా విడుదలైంది. విదేశాలకు పంపినది సుమారు 105 నిమిషాలే. పొట్టి ప్రతిలో ముఖ్యంగా కథానాయకుడికీ విలేఖరి పాత్రకూ మధ్య నడిచే సరదా సన్నివేశాలు పోయాయి. మొదటిసారే పెద్ద ప్రతిని చూడటం మేలు.

ఇక భాష. ఆ రోజులలో ఇటలీలో చిత్రీకరణ సమయంలో శబ్దాన్ని నేరుగా తీసుకునేవారు కాదు, మాటలన్నీ తరువాత స్టూడియోలో చేర్చేవారు. అమెరికన్ నటుడు ఇంగ్లీషులో, ఇటలీ నటి ఇటాలియన్‌లో, జర్మన్ నటుడు మరొక భాషలో ఒకే సన్నివేశంలో మాట్లాడుకోవడం మామూలే. కనుక ఇటాలియన్ ధ్వని అసలుదనీ, ఇంగ్లీషు ధ్వని నకలనీ అనుకోనవసరం లేదు, రెండూ డబ్బింగే. పరభాషా చిత్రాలను తెలుగు డబ్బింగులో చూసి ఆనందిస్తూ పెరిగిన మనకు ఇది అడ్డంకి కాకూడదు. ముఖ్యపాత్రధారి ఏ భాషలో పెదవులు కదుపుతున్నాడో గమనించి ఆ భాషను ఎంచుకోవడం నా పద్ధతి. ‘ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్’ను ఇంగ్లీషులోనూ, పల్లెటూరి నేపథ్యం ఉన్న చిత్రాలను ఇటాలియన్‌లో సబ్‌టైటిళ్ళతోనూ చూడటం నాకు నచ్చుతుంది.

గదిని, టీవీని సిద్ధం చేసుకోండి

గదిలో దీపాలు ఆర్పండి. టీవీలో కదలికలను నున్నగా చేసే సెట్టింగును, రంగులను మరీ ముదురుగా చూపే సెట్టింగును తీసివేసి, ‘సినిమా’ అని ఉండే సెట్టింగును పెట్టుకోండి. పక్క గదిలో నిద్రపోయేవారు ఉంటే మంచి హెడ్‌ఫోన్లు వాడండి; టీవీ స్పీకర్లలో ఈ చిత్రాల సంగీతం సగం వినబడదు. ఇవి పెద్దలకు మాత్రమే తగిన చిత్రాలు. పిల్లలు ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు పెట్టవద్దు.

సాక్షి చూసినదాన్ని కాగితం మీద రాయండి

అన్నిటికంటె ముఖ్యమైన పని ఇది. ‘ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్’ మొదలైన కొద్దిసేపటికే సామ్ అనే అమెరికన్ రచయిత రాత్రివేళ రోమ్ వీధిలో నడుస్తూ, ఎదురుగా ఉన్న ఒక కళా ప్రదర్శనశాల లోపల జరుగుతున్న పెనుగులాటను చూస్తాడు. భవనం ముందుభాగం అంతా గాజు. లోపల తెల్లని గోడలు, తెల్లని కాంతి, వింత ఆకారాల శిల్పాలు. తెల్లని దుస్తులలో ఒక స్త్రీ, నల్లని కోటులో మరొక ఆకారం. అతడు పరుగెత్తుకుని వెళ్ళి మొదటి గాజు తలుపు దాటుతాడు. రెండో తలుపు తెరుచుకోదు. వెనక్కి తిరిగేసరికి మొదటిది కూడా మూసుకుపోతుంది. రెండు గాజు పలకల మధ్య, అటు లోపలికీ ఇటు బయటికీ కాకుండా అతడు బందీ అవుతాడు. లోపల నెత్తురోడుతున్న స్త్రీ నేల మీద పాకుతూ అతడి వైపు చేయి చాపుతుంది. అతడి అరుపు ఎవరికీ వినబడదు. బయట దారిన పోయే మనిషికి సైగలతో చెప్పుకోవలసి వస్తుంది.

ఆ గాజు గది మధ్య నిలబడినవాడు సామ్ ఒక్కడే కాదు. చూడగలిగి, వినబడక, ముట్టుకోలేక, ఆపలేక కూర్చున్న ప్రేక్షకుడు కూడా అక్కడే ఉన్నాడు. సినిమా తెరను అర్జెంతో ఒక గాజు తలుపుగా మార్చి మన ముందు పెట్టాడు.

ఈ సన్నివేశం ముగియగానే సినిమాను ఆపండి. ఒక కాగితం తీసుకుని మీరు చూసినదాన్ని ఐదారు వాక్యాలలో రాయండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎవరిని ఏం చేశారు, అంతే. మీ ఊహను కాకుండా మీ కంటికి కనిపించినదానినే రాయడానికి ప్రయత్నించండి. ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టి సినిమా కొనసాగించండి. ఆ దృశ్యంలో ఏదో ఒకటి పొసగడం లేదని సామ్ పదే పదే అంటాడు. అదేమిటో అతడికి అందదు. సినిమా పూర్తయ్యాక కాగితం తీసి చదువుకోండి. నేను రాసుకున్న ఆరు వాక్యాలలో రెండు తప్పని తేలాయి, ఆ రెండూ నేను ఎంతో నమ్మకంగా రాసినవే. కళ్ళతో చూశానని నేను అనుకున్నది, నిజానికి నా మనసులో ముందే ఉన్న ఒక ఊహ. ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నించుకోవడంలోనే ఈ చిత్రాల లోతు ఉంది.

రంగును చదవడం నేర్చుకోండి

రెండో సినిమాలో కథను కాసేపు వదిలివేసి కాంతిని గమనించండి. మారియో బావా దర్శకుడు కావడానికి ముందు ఛాయాగ్రాహకుడు. అతడి తండ్రి యూజేనియో కూడా ఛాయాగ్రాహకుడే, శిల్పి కూడా. కాంతితో కనికట్టు చేయడం వారి కుటుంబ విద్య. రిక్కార్దో ఫ్రేదా దర్శకత్వంలో మొదలై బావా పూర్తిచేసిన 1957 నాటి ‘ఇ వాంపీరి’లో, ఒక అందగత్తె ముఖం మన కళ్ళ ముందే, ఎక్కడా కోత లేకుండా, ముసలితనంతో ముడతలు పడుతుంది. దానికి వాడిన ఉపాయం చాలా సరళమైనది. నటి ముఖం మీద ముడతలను ఎర్ర రంగుతో ముందే గీసి ఉంచారు. ఎర్రని కాంతిలో నలుపు తెలుపు ఫిల్ముకు ఎర్ర గీతలు కనిపించవు. ఆ కాంతిని మెల్లగా ఆకుపచ్చ వైపు మార్చినప్పుడు అవే గీతలు నల్లగా పైకి తేలుతాయి. హాలీవుడ్‌లో 1931లోనే వాడిన కిటుకే అయినా బావా దాన్ని వాడిన తీరు చూసి తీరవలసినది.

‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’కు వచ్చేసరికి అదే మనిషి రంగు ఫిల్ముతో పని చేశాడు. రోమ్‌లోని ఒక ఫ్యాషన్ దుస్తుల సంస్థలో మోడళ్ళు ఒకరి తరువాత ఒకరు హత్యకు గురవుతారు. హంతకుడి ముఖానికి కళ్ళూ ముక్కూ లేని తెల్లని గుడ్డ. నటీనటుల పేర్లు వచ్చేటప్పుడే వారందరూ బట్టల దుకాణం బొమ్మల పక్కన బొమ్మల్లాగే కదలకుండా నిలబడి ఉంటారు. ఈ లోకంలో మనుషులకూ బొమ్మలకూ తేడా లేదని సినిమా మొదటి నిమిషంలోనే చెబుతుంది. ఒక సన్నివేశంలో, చనిపోయిన అమ్మాయి డైరీ ఉన్న చేతిసంచి అందరి ఎదుటా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు, ప్రదర్శన యథావిధిగా సాగుతుంది, కాని ఆ గదిలోని చూపులన్నీ ఒకదాని తరువాత ఒకటి ఆ సంచి మీదికే పోతుంటాయి. ఒక్క మాట లేకుండా, అక్కడున్న ప్రతి ఒక్కరికీ దాచుకోవలసినది ఏదో ఉందని మనకు అర్థమవుతుంది. పాత వస్తువుల దుకాణంలో జరిగే హత్యలో, బయటి నుంచి వెలిగి ఆరుతూ పడే రంగుల కాంతిని గమనించండి. ఆ కాంతి ఎక్కడి నుంచి వస్తున్నదని అడిగితే సరైన జవాబు దొరకదు. అడగవలసిన ప్రశ్న, ఆ కాంతి ఎవరిని ఎప్పుడు దాస్తున్నది, ఎవరిని ఎప్పుడు బయటపెడుతున్నది అని. కెమెరాను కదిలించడానికి తగిన సామగ్రి లేక బావా పిల్లల బొమ్మ బండిని వాడుకున్నాడని ప్రసిద్ధి. తెర మీద మాత్రం ఆ పేదరికం ఎక్కడా కనిపించదు.

చెవిని కూడా పెట్టండి

ఈ చిత్రాలలో సంగీతం భయపెట్టదు, జోలపాడుతుంది. అందుకే మరింత భయం వేస్తుంది. మొరికోనె అర్జెంతో మొదటి మూడు చిత్రాలకూ సంగీతం ఇచ్చాడు. ఎద్దా దెల్లోర్సో అనే గాయని మాటలు లేకుండా ఆలపించే స్వరం, చిన్నపిల్లలు ‘లా లా’ అని పాడుకున్నట్టుండే వరుస, వాటి కింద అపశ్రుతులు పలికే వాయిద్యాలు. మొరికోనె ఆ రోజులలో రోమ్‌లోని ప్రయోగాత్మక సంగీత బృందం ‘నువోవా కొన్సొనాంత్సా’లో సభ్యుడు, ముందుగా రాసుకోకుండా అప్పటికప్పుడు శబ్దాలను పుట్టించే ఆ బృందపు అలవాటు ఈ చిత్రాలలోకి నేరుగా వచ్చింది. 1972లో ఆల్దో లాదో వెనిస్ నగరంలో తీసిన ‘హూ సా హర్ డై?’లో పిల్లల బృందగానం వినిపించినప్పుడల్లా ఒంట్లో చలి పుడుతుంది.

‘డీప్ రెడ్’తో ఈ పద్ధతి మారింది. గోబ్లిన్ అనే యువ రాక్ బృందం వచ్చి, బేస్ గిటారు, ఆర్గన్‌లతో గుండె చప్పుడు వంటి వరుస కట్టింది. పేర్లు పడుతుండగా ఆ సంగీతం ఒక్కసారిగా ఆగిపోతుంది. పసివాళ్ళ పాట వినబడుతుంది. క్రిస్మస్ చెట్టు ఉన్న గదిలో గోడ మీద ఒక నీడ మరొక నీడను పొడుస్తుంది. నేల మీద పడిన కత్తి దగ్గరికి ఒక పిల్లవాడి కాళ్ళు వచ్చి ఆగుతాయి. మళ్ళీ సంగీతం, మళ్ళీ పేర్లు. సినిమా మొత్తం ఆ కొద్ది క్షణాలలోనే ఉంది. ఒకసారి చూశాక, కళ్ళు మూసుకుని ఆ భాగాన్ని వినండి.

హింసను తప్పించుకోకుండా ఆలోచించండి

ఈ చిత్రాలలో అందమైన స్త్రీలను అందంగా చంపుతారు. దీన్ని కళ పేరుతో కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు. కొన్ని చిత్రాలు కేవలం ఆడవారి శరీరాన్నీ నెత్తుటినీ అమ్ముకోవడానికి తీసినవే. వాటిని మధ్యలో ఆపివేయడానికి సంకోచించకండి. మానసిక రోగం గురించీ, స్వలింగ సంపర్కుల గురించీ వాటిలో కనిపించే అభిప్రాయాలలో కొన్ని ఈనాడు వినడానికే బాధ కలిగిస్తాయి. ఇవన్నీ ఒప్పుకున్నాకే మంచి చిత్రాల విలువ నిలుస్తుంది.

ఆ కాలపు ఇటలీని కూడా తలచుకోవాలి. విడాకుల చట్టం 1970లో వచ్చింది, దాన్ని రద్దు చేయాలా వద్దా అని 1974లో దేశమంతా ఓటు వేసింది. స్త్రీ స్వతంత్రంగా సంపాదించి, ఒంటరిగా అపార్టుమెంటులో ఉండి, తనకు నచ్చినవారిని ఎంచుకునే రోజులు మొదలయ్యాయి. దాన్ని చూసి భయపడిన సమాజపు భయం ఈ కథలలో కత్తి పట్టుకుని తిరుగుతుంది. సెర్జో మార్తీనో 1971లో వియన్నా నేపథ్యంలో తీసిన ‘ద స్ట్రేంజ్ వైస్ ఆఫ్ మిసెస్ వార్ధ్’లో ఎద్విజ్ ఫెనెక్ పోషించిన భార్య పాత్రను ఈ దృష్టితో చూడండి. ఆమె చుట్టూ ఉన్న మగవారిలో ఎవరిని నమ్మాలో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు. ‘డీప్ రెడ్’లో దారియా నికొలోది పోషించిన విలేఖరి జాన్నా, ఆడవారు బలహీనులని వాదించే కథానాయకుడిని చేతి కుస్తీలో ఓడిస్తుంది. అది నవ్వు పుట్టించే సన్నివేశమే, అయినా ఎవరు బలవంతులు, ఎవరు బలహీనులు అన్న మన అంచనాను సినిమా అక్కడే కదిలించి పెడుతుంది.

నగరం నుంచి పల్లెకు వెళ్ళండి

మూడు సినిమాలు పూర్తయ్యాక లూచో ఫుల్చి 1972లో తీసిన ‘డోన్ట్ టార్చర్ ఎ డక్లింగ్’ చూడండి. దక్షిణ ఇటలీలోని ఒక కొండ పల్లెలో మగపిల్లలు వరుసగా హత్యకు గురవుతారు. నగరపు గాజు గోడలు, ఫ్యాషన్ దుస్తులు ఇక్కడ లేవు. సున్నం కొట్టిన ఇళ్ళు, ఎర్రటి ఎండ, చర్చి, చేతబడి మీద నమ్మకం ఉన్నాయి. పల్లె పక్కనే పెద్ద వంతెనల మీద కొత్త రహదారి పోతుంటుంది, పల్లెకు మాత్రం ఆ రహదారితో సంబంధం లేదు.

మంత్రగత్తె అని ఊరు ముద్ర వేసిన ఒక స్త్రీని పోలీసులు నిర్దోషి అని వదిలివేస్తారు. ఊరి మగవారు వదలరు. శ్మశానంలో ఆమెను గొలుసులతో కొడుతుండగా కారు రేడియోలో పాటలు మోగుతుంటాయి. మధ్యలో ఓర్నెల్లా వనోని పాడిన ప్రేమగీతం వస్తుంది. దెబ్బలు ముగిశాక ఆమె కొండ మీదుగా పాకుతూ రహదారి అంచుకు చేరుతుంది. సెలవులకు వెళుతున్న కుటుంబాల కార్లు ఆమె ముందు నుంచే పోతుంటాయి. ఒక్కటీ ఆగదు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలను తెలుగు రాష్ట్రాల పత్రికలలో చదివినవారికి ఈ సన్నివేశం ఇటలీకి చెందినదిగా మాత్రమే అనిపించదు. హంతకుడు ఎవరన్నది మరచిపోయినా ఆ రహదారి అంచును నేను మరచిపోలేదు.

పూపీ అవాతి 1976లో తీసిన ‘ద హౌస్ విత్ లాఫింగ్ విండోస్’ కూడా పల్లె కథే. చర్చి గోడ మీది పాత చిత్రాన్ని బాగుచేయడానికి వచ్చిన యువకుడికి ఆ చిత్రం వెనుక ఉన్న ఘోరం మెల్లమెల్లగా తెలుస్తుంది. ఇందులో రక్తం తక్కువ, భయం ఎక్కువ. ఓపికగా చూడాలి.

దెయ్యాల వైపు ఒక అడుగు

జాల్లో రుచి తెలిసిన తరువాత, దానికి అక్కగారి వరుస అయిన పాత భయానక చిత్రాలకు వెళ్ళవచ్చు. బావా 1960లో తీసిన ‘బ్లాక్ సండే’లో లోపలి వైపు మేకులున్న ఇనుప ముసుగును ఒక స్త్రీ ముఖానికి పెట్టి సుత్తితో కొట్టే తొలి దృశ్యం ఎంత కలవరపెట్టిందంటే, బ్రిటన్‌లో 1968 వరకు ఆ చిత్రాన్ని అనుమతించలేదు. బార్బరా స్టీల్ అందులో చంపబడిన మంత్రగత్తెగా, ఆమె పోలికలతో పుట్టిన అమాయకురాలిగా రెండు పాత్రలు చేసింది. 1966 నాటి ‘కిల్, బేబీ... కిల్!’లో బంతితో ఆడుకునే చిన్నపాప దెయ్యం తరువాతి తరాల దర్శకులు ఎందరికో దారి చూపింది.

అర్జెంతో 1977లో తీసిన ‘సస్పీరియా’ను చాలామంది జాల్లోగా పొరబడతారు. హత్యల తీరు అలాగే ఉన్నా అది మంత్రగత్తెల కథ. ఛాయాగ్రాహకుడు లూచానో తోవోలి తీసిన ఆ ఎరుపు, నీలం రంగులు అంత గాఢంగా ఉండటానికి, అప్పటికే కనుమరుగవుతున్న పాత టెక్నికలర్ ముద్రణ పద్ధతిని వాడటం ఒక కారణం. కథ జరిగే బాలె నృత్య పాఠశాలలో తలుపుల పిడులను గమనించండి. వాటిని మామూలు కంటె ఎత్తులో అమర్చారు. అర్జెంతో మొదట అక్కడి విద్యార్థినుల పాత్రలను చిన్నపిల్లలుగా ఊహించుకున్నాడు. పెద్ద అమ్మాయిలు చేయి పైకెత్తి తలుపు తెరుస్తుంటే, కారణం తెలియకుండానే వారు మనకు పసివాళ్ళలా, నిస్సహాయులుగా కనిపిస్తారు.

రెండోసారి చూడటం

ఒకసారి చూసి వదిలివేసిన జాల్లో సగం చూసినట్టే. ‘డీప్ రెడ్’ను ఎవరి నోటా ముగింపు వినకుండా మొదటిసారి చూడండి, సమీక్షలు కూడా చదవకండి. పియానో వాద్యకారుడు మార్కస్, కూడలిలో నిలబడి ఉండగా ఎదుటి ఇంటి కిటికీలో ఒక స్త్రీ హత్యను చూస్తాడు. ఆ పాత్ర చేసిన డేవిడ్ హెమ్మింగ్స్, 1966లో అంతొనియోని తీసిన ‘బ్లో అప్’లో తాను తీసిన ఫొటోలో హత్యను చూశానేమోనని వెతుక్కున్న ఫొటోగ్రాఫర్ పాత్రధారి, అర్జెంతో అతడినే ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. మార్కస్ మేడ మీదికి పరుగెత్తి, పటాలు వరుసగా తగిలించిన ఒక నడవా గుండా పోతాడు. తరువాత పోలీసుల ఎదుట, అక్కడ ఉండవలసిన పటం ఒకటి మాయమైందని అతడికి అనిపిస్తుంది. ఏ పటమో చెప్పలేకపోతాడు.

సినిమా ముగిసిన మరునాడు ఆ నడవా దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. దృశ్యాన్ని ఆపవద్దు, నెమ్మదిగా నడపవద్దు. మార్కస్ నడిచిన వేగంతోనే మీరూ నడవండి. జవాబు తెలిసి ఉండి కూడా కన్ను దాన్ని పట్టుకుంటుందో లేదో చూడండి. నేను మూడోసారికి గాని పట్టుకోలేకపోయాను.